బటన్ల పెట్టెను వాడేవాళ్లే మార్చుకోవాలంటే కోడ్ ఏ భాషలో ఉండాలి?

రాగితీగ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం.

చేతివేళ్లు సరిగా కదలనివాళ్ల కోసం ఒక చిన్న పెట్టె తయారుచేస్తున్నాను. పైన నాలుగు పెద్ద బటన్లు, లోపల ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు (చిన్న కంప్యూటర్ చిప్పు ఉన్న పలక), ఒక బజర్. యూఎస్‌బీ కేబుల్‌తో తగిలిస్తే కంప్యూటర్ దీన్ని మామూలు కీబోర్డు అనుకుంటుంది. ఒక బటన్ నొక్కితే ఎంటర్, ఇంకోటి నొక్కితే ట్యాబ్, అలా.

పెట్టె బాగానే పనిచేస్తోంది. చిక్కల్లా ఏ ఇద్దరి అవసరమూ ఒకేలా ఉండకపోవడమే. ఒకరికి చెయ్యి వణుకుతుంది, వెంటవెంటనే పడే రెండో నొక్కును పట్టించుకోకూడదు. ఇంకొకరు బటన్ మీద చెయ్యి ఆనించే ఉంచుతారు, కాసేపు గట్టిగా నొక్కి పట్టుకుంటేనే లెక్కలోకి తీసుకోవాలి. మరొకరికి ఒక్క నొక్కుతో ఒక వాక్యం మొత్తం టైప్ అవ్వాలి. ప్రస్తుతం కోడ్ అంతా ఆర్డ్యూయినోలో, సీ++లో ఉంది. ఎవరికి ఏ మార్పు కావాలన్నా నాకు చెప్పాలి, నేను మార్చి కంపైల్ చేసి మళ్లీ బోర్డులోకి ఎక్కించాలి. ఈలోగా ఆ మనిషి పెట్టె లేకుండా కూర్చోవాలి.

ఇది నాకు నచ్చడం లేదు. పెట్టె వాళ్లది, దాన్ని మార్చుకునే వీలు కూడా వాళ్ల చేతిలోనే ఉండాలి. వాడే మనిషి కాకపోయినా పక్కనుండి చూసుకునేవాళ్లు మార్చగలగాలి. అందుకే కోడ్‌ని సర్క్యూట్‌పైథాన్‌లోకో మైక్రోపైథాన్‌లోకో మార్చుదామని ఆలోచన (రెండూ చిన్న బోర్డుల మీద నడిచే పైథాన్ రూపాలే). రెండిట్లో ఏది నయం? బటన్ నొక్కడానికీ అక్షరం పడడానికీ మధ్య ఆలస్యం తెలుస్తుందా? కోడ్‌లో ఎవరైనా తప్పు చేస్తే పెట్టె మొత్తం మూగబోతుందా? అసలు భాషే అక్కర్లేకుండా ఒక సెట్టింగుల ఫైలు ఇస్తే సరిపోతుందా? వాడినవాళ్లు చెప్పండి.

---

బడిపంతులు

రాగితీగ గారూ, మంచి పని తలపెట్టారు. నేను పిల్లలకు మైక్రోబిట్ బోర్డుల మీద మైక్రోపైథాన్ నేర్పుతుంటాను, ఆ వైపు నుంచి చెబుతాను.

మొదట నేపథ్యం. మైక్రోపైథాన్‌ను డేమియన్ జార్జ్ మొదలుపెట్టారు. 2013లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం దగ్గర డబ్బు సమీకరించి, పైబోర్డ్ అనే బోర్డుతో పాటు విడుదల చేశారు. చాలా చిన్న చిప్పుల్లో ఇమిడేలా పైథాన్ 3ని మళ్లీ మొదటినుంచి రాశారు. 256 కిలోబైట్ల కోడ్ జాగా, 16 కిలోబైట్ల ర్యామ్ ఉంటే చాలన్నది వాళ్ల లెక్క. దాని నుంచి అడాఫ్రూట్ సంస్థ 2017లో తీసిన శాఖ సర్క్యూట్‌పైథాన్. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అడ్డంకులు తగ్గించడమే దాని ముఖ్యోద్దేశం.

మీ పనికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. సర్క్యూట్‌పైథాన్ ఎక్కించిన బోర్డును కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. అందులో కోడ్.పై అనే ఫైలు ఉంటుంది. దాన్ని ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి ఒక అంకె మార్చి సేవ్ చేస్తే బోర్డు తనంతట తానే కొత్త కోడ్‌తో మళ్లీ మొదలవుతుంది. కంపైలర్ అక్కర్లేదు, ఏ సాఫ్ట్‌వేరూ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. సీ++లో అయితే బోర్డులో ఉండేది మెషిన్ కోడ్, అసలు కోడ్ మీ కంప్యూటర్‌లో ఉండిపోతుంది. ఇక్కడ అసలు కోడ్ పెట్టెలోనే ఉంటుంది. పెట్టె ఎక్కడికి వెళితే అక్కడికి అదీ వెళుతుంది. కొన్నేళ్ల తర్వాత మీతో సంబంధం లేని మనిషి కూడా పెట్టెను తగిలించి, తెరిచి, చదువుకోవచ్చు.

నేర్చుకునేవాళ్లకు మొదట్లో ఎక్కువ తలనొప్పి తెచ్చేది లైను మొదట్లో వదిలే ఖాళీ. ఒక లైనుకు ట్యాబ్, ఇంకో లైనుకు స్పేసులు పడితే కంటికి ఒకేలా కనిపిస్తాయి కానీ కోడ్ నడవదు. అందుకే మార్చాల్సినవన్నీ ఎడమ అంచుకే ఆనుకుని ఉండేలా రాసివ్వండి. ముందు ఖాళీ వదలాల్సిన లైను వాళ్ల కంట పడనే కూడదు.

---

పాతకాపు

ఎంబెడెడ్ సీ, అంటే పరికరాల లోపలి చిప్పుల కోసం సీ కోడ్ రాయడమే చాలాకాలంగా నా వృత్తి. నాకు కొన్ని సందేహాలు ఉన్నాయి, చెబుతాను. పైథాన్ మీద కోపంతో మాత్రం కాదు.

1. వేగం. మామూలు పైథాన్ లూపు సీ కన్నా పదుల రెట్లు నెమ్మది. మధ్యలో ఎప్పుడో మెమరీలోని చెత్త ఏరుకునే పని (గార్బేజ్ కలెక్షన్) మొదలై కొన్ని మిల్లీసెకన్లు మిగతా అంతా ఆగుతుంది. మోటారు నడపాలన్నా, సెకనుకు వేల సార్లు సెన్సార్ చదవాలన్నా ఇది కుదరదు. మీది బటన్ల పెట్టె. మనిషి చేతికి పది మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే తెలియదు. కాబట్టి ఈ అభ్యంతరాన్ని నేనే పక్కన పెడుతున్నాను.

2. బ్యాటరీ. మీది యూఎస్‌బీ కరెంటుతో నడుస్తుంది, ఇదీ పక్కన పెట్టేద్దాం.

3. అసలు ప్రశ్న ఇది: వాడే మనిషి రాసిన లైను తప్పయితే ఏమవుతుంది? ఆ పెట్టె కొందరికి నోరులాంటిది. తప్పు లైను వల్ల అది ఆగిపోతే ఆ మనిషి "ఇది ఆగిపోయింది" అని ఎవరికీ చెప్పను కూడా చెప్పలేరు. దీనికి సమాధానం దొరికాకే భాష సంగతి.

ఇంకో దారి కూడా చూడండి. కింది పొర సీలో గట్టిగా రాసి, దాని మీద చిన్న స్క్రిప్టు భాష పెట్టడం. ఇది కొత్తేమీ కాదు. కానన్ కెమెరాల కోసం అభిమానులు చేసిన సీహెచ్‌డీకే ఫర్మ్‌వేర్‌లో (ఫర్మ్‌వేర్ అంటే పరికరం లోపల ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్) బేసిక్, లువా స్క్రిప్టులు నడుస్తాయి. రిమోట్ విమానాలు ఎగరేసేవాళ్లు వాడే ఎడ్జ్‌టీఎక్స్ ట్రాన్స్‌మిటర్లలో లువా ఉంది. ఈఎస్‌పీ32 చిప్పు మీద నడిచే టాస్మోటా ఫర్మ్‌వేర్‌లో బెర్రీ అనే చిన్న భాష ఉంది. వీటన్నిట్లో స్క్రిప్టు చెడిపోయినా కింద ఫర్మ్‌వేర్ నిలబడి ఉంటుంది. లువా అయితే 1993 నుంచి ఉన్న భాష, వేరే ప్రోగ్రాముల్లో ఇమడ్చడానికే పుట్టింది.

---

సున్నాఒకటి

పాతకాపు గారూ, మీ మూడో ప్రశ్నతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ కింది పొర సీలో ఉండాలంటే దాన్ని రాగితీగ గారే రాయనక్కర్లేదు, సర్క్యూట్‌పైథాన్ లోపల ఉన్నది సీనే కదా.

ఉదాహరణకు కీప్యాడ్ అనే మాడ్యూల్. బటన్లను చదివే పని మన పైథాన్ కోడ్ చేయదు, వెనకాల సీలో రాసిన భాగం చేస్తుంది. మామూలుగా ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకసారి చూస్తుంది. బటన్ లోపలి లోహపు రేకు అదరడం వల్ల వచ్చే దొంగ నొక్కులను అదే వడకడుతుంది. నిజమైన నొక్కులను వరసలో పెట్టి ఉంచుతుంది. ఆ వరసలో మామూలుగా 64 ఘటనలు పడతాయి. మన పైథాన్ కోడ్ ఎక్కడైనా కాసేపు ఆగినా నొక్కు పోదు, తర్వాత తీసుకుంటుంది. గార్బేజ్ కలెక్షన్ భయం ఇక్కడితో తీరిపోతుంది.

బోర్డు సంగతి: రాస్ప్‌బెర్రీ పై పికో (2021) చాలు. అందులోని ఆర్‌పీ2040 చిప్పులో 264 కిలోబైట్ల ర్యామ్ ఉంది, బోర్డులో 2 మెగాబైట్ల ఫ్లాష్ ఉంది. నాలుగు బటన్లకు ఇది ఎక్కువే. 2024లో వచ్చిన పికో 2లో 520 కిలోబైట్ల ర్యామ్, 4 మెగాబైట్ల ఫ్లాష్.

ఇక మైక్రోపైథానా, సర్క్యూట్‌పైథానా అంటే ఈ పెట్టెకు నా ఓటు సర్క్యూట్‌పైథాన్‌కే. కీబోర్డుగా నటించే యూఎస్‌బీ సదుపాయం అందులో మొదట్నుంచీ సులువుగా ఉంది. మైక్రోపైథాన్‌లో అలాంటిది 2024లో వచ్చిన 1.23 వెర్షన్‌తో అందుబాటులోకి వచ్చింది, బాగానే ఉంది, కానీ ఫైలు మార్చాలంటే థానీ లాంటి ప్రోగ్రామో ఎంపీరిమోట్ లాంటి కమాండో కావాలి. పక్కనుండి చూసుకునేవాళ్లకు అది ఒక మెట్టు ఎక్కువ. హార్డ్‌వేర్ ఇంటరప్టులు (నడుస్తున్న కోడ్‌ను ఆపి వెంటనే వేరే పని చేయించే సంకేతాలు) మీరే రాసుకోవాలన్నా, రెండో కోర్ వాడుకోవాలన్నా అప్పుడు మైక్రోపైథాన్ వైపు వెళ్లండి. సర్క్యూట్‌పైథాన్ వాటిని కావాలనే ఇవ్వదు. ఇంటరప్టు లోపల మెమరీ కేటాయించకూడదు, దశాంశ సంఖ్యలు కూడా వాడకూడదు లాంటి నియమాలు కొత్తవాళ్లకు అర్థంకావు. అసలు ఇంటరప్టులే ఇవ్వకపోతే ఆ గొడవే ఉండదని వాళ్ల ఆలోచన. ఈ పెట్టె విషయంలో అది సరైనదే అనిపిస్తుంది.

---

గడియారం

అందరూ భాష గురించే మాట్లాడుతున్నారు. నేను ఎదురు వాదిస్తాను. వాడేవాళ్లకు కావాల్సింది నాలుగు అంకెలు, నాలుగు వాక్యాలు. దీనికి ప్రోగ్రామింగ్ భాష ఎందుకు? ఒక సెట్టింగుల ఫైలు పెట్టండి. "ఆలస్యం = 400" అని ఉంటుంది, 600 చేసుకుంటారు. సర్క్యూట్‌పైథాన్‌లోనే సెట్టింగ్స్.టామ్ల్ అని ఒక ఫైలు ఉంది, 8.0 వెర్షన్ నుంచి. లేదంటే జేసన్ అనే పద్ధతిలో ఫైలు పెట్టుకోండి. సెట్టింగు తప్పయితే దాని బదులు మామూలు విలువ తీసుకోమని మీ కోడ్‌లో రాసుకోవచ్చు. అనంతమైన లూపు రాసే ప్రమాదమే లేదు.

---

బడిపంతులు

> వాడేవాళ్లకు కావాల్సింది నాలుగు అంకెలు, నాలుగు వాక్యాలు.

మొదటి వారం అంతే గడియారం గారూ. తర్వాత "మొదటి బటన్ నొక్కి పట్టుకుని రెండోది నొక్కితే వేరే పని చేయాలి" అంటారు. ఆ తర్వాత "ఈ వాక్యం మూడోసారి పంపితే బజర్ మోగాలి" అంటారు. ఒక్కో కోరికకూ ఒక్కో కొత్త సెట్టింగు చేర్చుకుంటూ పోతే కొన్నాళ్లకు మీ సెట్టింగుల ఫైలే ఒక భాష అవుతుంది, దాన్ని ఎవరూ ఎక్కడా నేర్పరు. ఈఎస్‌పీహోమ్ చూడండి. ఇంట్లో పరికరాలను యామ్ల్ ఫైలుతో అమర్చుకోవచ్చు, చక్కగా ఉంటుంది. కానీ కాస్త చిక్కు షరతు రాయాలంటే అందులోనే లాంబ్డా అని పెట్టి సీ++ ముక్క రాయాల్సి వస్తుంది. సులువైన మెట్టు మీది నుంచి ఒక్కసారిగా గోడ ఎక్కాలి.

జేసన్ మాత్రం వద్దు. ఒక కామా ఎక్కువైనా ఫైలు మొత్తం చెల్లదు, పైగా అందులో వ్యాఖ్యలు రాయడానికి వీల్లేదు. "ఈ అంకె ఎందుకు 600 పెట్టాం" అని పక్కనే రాసుకోలేని ఫైలు వాడేవాళ్లకు ఇవ్వకూడదు.

---

మిణుగురు

నేను ప్రోగ్రామర్‌ని కాదు, ఈ చర్చ చదువుతూ ఉండలేక రాస్తున్నాను. మా నాన్నగారికి చేతులు వణుకుతాయి, ఇలాంటి స్విచ్ పరికరం ఒకటి వాడతారు. అది కొన్నదే, లోపల ఏముందో మాకు తెలియదు. ఆయనకు పొద్దున వణుకు తక్కువ, సాయంత్రానికి పెరుగుతుంది. సాయంత్రం పూట ఒక్క నొక్కుకు మూడు అక్షరాలు పడతాయి, విసుగొచ్చి పక్కన పెట్టేస్తారు. ఆ "ఎంతసేపు ఆగాలి" అనేది నేను మార్చగలిగితే చాలు. మార్చే మార్గం లేదు. తయారుచేసినవాళ్లను అడిగితే పంపించమన్నారు.

రాగితీగ గారూ, పైథాన్ అంటే నాకు భయం లేదు. అంకె ఎక్కడుందో చూపిస్తే మారుస్తాను, ఉదాహరణ ఉంటే చూసి ఇంకో లైను కూడా రాస్తాను. నా భయం వేరే. రాత్రిపూట నేను ఏదో మార్చి, అది పనిచేయడం మానేసి, తెల్లారేదాకా ఆయన ఏమీ అడగలేని స్థితి రాకూడదు. "ఇంతకుముందు ఎలా ఉందో అలా పెట్టెయ్" అనే ఒక్క బటన్ ఉందా? అది ఉంటే మిగతావన్నీ నేర్చుకుంటాను.

---

రాగితీగ

మిణుగురు గారూ, మీరు రాయడం చాలా మంచిదైంది. "సాయంత్రం వేరే, పొద్దున వేరే" అన్నది నా ఆలోచనలోకే రాలేదు. ఒక బటన్‌ను ఎక్కువసేపు పట్టుకుంటే ఆలస్యం మారేలా పెట్టొచ్చు, అప్పుడు సాయంత్రం ఫైలు తెరవక్కర్లేదు. గడియారం గారి సెట్టింగుల ఫైలుతో ఇది రాదు, ఎవరైనా ముందే ఊహించి ఉంటే తప్ప.

వెనక్కి వెళ్లే బటన్ గురించి పాతకాపు గారు, సున్నాఒకటి గారు ఏమంటారు?

---

పాతకాపు

మిణుగురు అమ్మా, ఆ బటన్ ఉండి తీరాలి. అది లేకుండా ఈ పెట్టెను ఎవరికీ ఇవ్వకూడదు. సర్క్యూట్‌పైథాన్‌లో దీన్ని ఎలా కట్టొచ్చో నిన్న కూర్చుని చదివాను, రాస్తున్నాను.

కోడ్‌ని రెండు ఫైళ్లుగా విడదీయండి. కోడ్.పై మీది. అందులో బటన్లు చదవడం, కీబోర్డుకు పంపడం, బజర్ ఉంటాయి. నా_బటన్లు.పై వాడేవాళ్లది. కోడ్.పై మొదలవగానే నా_బటన్లు.పై ని ఇంపోర్ట్ చేస్తుంది, దాని చుట్టూ ట్రై, ఎక్సెప్ట్ (ఎర్రర్ వస్తే ఆగిపోకుండా పట్టుకునే పైథాన్ ఏర్పాటు) పెట్టండి. ఇంపోర్ట్ చేసేటప్పుడు వ్యాకరణ దోషం ఉన్నా ఎక్సెప్ట్ దాన్ని పట్టుకుంటుంది. కోలన్ మర్చిపోయినా, పేరు తప్పు రాసినా పెట్టె ఆగిపోదు, మీరిచ్చిన అసలు_బటన్లు.పై తీసుకుని నడుస్తుంది. బజర్ రెండుసార్లు మోగి "మీ ఫైలులో తప్పుంది, పాతదానితో నడుస్తున్నాను" అని తెలుపుతుంది. తర్వాత బటన్ నొక్కినప్పుడు వాళ్ల ఫంక్షన్‌ను పిలిచేచోట కూడా ఇదే రక్షణ పెట్టాలి. ఇంపోర్ట్ దగ్గర మాత్రమే పెట్టి ఊరుకుంటే సగమే అయినట్టు.

ట్రై, ఎక్సెప్ట్‌కు దొరకనిది ఒకటుంది: ఎప్పటికీ ముగియని లూపు. అక్కడ ఎర్రర్ రాదు, పెట్టె ఊరికే ఉండిపోతుంది. దానికి వాచ్‌డాగ్ టైమర్ ఉంది. మీ ప్రధాన లూపు అప్పుడప్పుడూ "బతికే ఉన్నాను" అని దానికి చెప్పాలి, చెప్పకపోతే చిప్పును రీసెట్ చేస్తుంది. ఆర్‌పీ2040లో దీని గడువు గరిష్ఠంగా 8 సెకన్ల పైచిలుకు.

అయితే రీసెట్ అయ్యాక మళ్లీ అదే ఫైలు ఎక్కితే మళ్లీ అదే లూపు. అందుకని కరెంటు పోయినా నిలిచే చిన్న మెమరీలో (సర్క్యూట్‌పైథాన్‌లో ఎన్‌వీఎం అంటారు) ఒక బైట్ వాడండి. వాడేవాళ్ల ఫైలు ఎక్కించే ముందు అందులో 1 రాయండి. పది సెకన్లు సవ్యంగా నడిచాక 0 చేయండి. మొదలైనప్పుడు అక్కడ 1 కనిపించిందంటే పోయినసారి నడక మధ్యలో ఆగిందని అర్థం, వెంటనే అసలు ఫైలు తీసుకోవాలి. వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత సర్క్యూట్‌పైథాన్ సేఫ్ మోడ్‌లో (మన కోడ్ నడపకుండా ఆగే స్థితిలో) ఆగిపోకుండా చూసుకోండి. సేఫ్‌మోడ్.పై అనే ఫైలు పెడితే అక్కడ అది నడుస్తుంది, మళ్లీ మొదలుపెట్టమని అందులో రాయొచ్చు.

ఇక మీరు అడిగిన బటన్. పెట్టెను తగిలించేటప్పుడు మొదటి బటన్ నొక్కి పట్టుకుంటే వాడేవాళ్ల ఫైలును చూడనే చూడకుండా అసలుది తీసుకోవాలి. కోడ్.పై మొదటి లైన్లలోనే ఇది ఉండాలి.

---

సున్నాఒకటి

పాతకాపు గారు చెప్పినదానికి రెండు చేర్పులు.

పెట్టె మామూలుగా వాడేటప్పుడు డ్రైవ్ కనిపించకుండా దాచేయండి. బూట్.పై ఫైలులో యూఎస్‌బీ డ్రైవ్‌ను ఆపే కమాండ్ ఉంది. నాలుగో బటన్ నొక్కి పట్టుకుని తగిలిస్తే మాత్రమే డ్రైవ్ కనిపించాలి. దీనివల్ల రెండు లాభాలు. ఫైలు రాస్తుండగా కేబుల్ లాగేస్తే డ్రైవ్ చెడిపోవచ్చు, ఎందుకంటే అది పాతకాలపు ఫ్యాట్ పద్ధతి ఫైల్ సిస్టమ్. దాచి ఉంచితే ఆ ప్రమాదం తక్కువ. ఇంకోటి, కంప్యూటర్ డ్రైవ్‌ను పట్టుకుని ఉన్నంతసేపూ బోర్డు తన ఫైళ్లలోకి తాను రాయలేదు, చదవడం మాత్రమే. డ్రైవ్ దాచినప్పుడు ఆ అడ్డు తొలగుతుంది. మిణుగురు గారి సాయంత్రం ఆలస్యాన్ని బోర్డే గుర్తుపెట్టుకుని రాసుకోవచ్చు. (ఒక బైట్ సరిపోతే ఎన్‌వీఎంలోనే రాయొచ్చు, ఫైలు కూడా అక్కర్లేదు.)

రెండోది, బోర్డు పూర్తిగా పాడవుతుందనే భయం వద్దు. పికోలో బూట్‌సెల్ బటన్ నొక్కి తగిలిస్తే చిప్పు లోపల చెరపడానికి వీల్లేని రోమ్‌లో ఉన్న ప్రోగ్రామ్ లేస్తుంది. కొత్త డ్రైవ్ ఒకటి కనిపిస్తుంది, అందులోకి ఫర్మ్‌వేర్ ఫైలు లాగి వేస్తే ఫర్మ్‌వేర్ మళ్లీ కొత్తగా ఎక్కుతుంది. పైథాన్‌లో ఏం రాసినా ఆ రోమ్‌ను ముట్టుకోలేరు.

---

గడియారం

ఇంత రక్షణ పెడితే నా అభ్యంతరం చాలావరకు పోయింది. ఒకటి మాత్రం అడుగుతాను. ఎర్రర్ వస్తే మిణుగురు గారికి ఏది తప్పో ఎలా తెలుస్తుంది? బజర్ రెండుసార్లు మోగితే "తప్పుంది" అని తెలుస్తుంది, ఎక్కడ అని తెలియదు. బోర్డు పంపే సందేశాలు చూపించే సీరియల్ మానిటర్ ప్రోగ్రామ్ ఆవిడ దగ్గర ఉండదు.

---

సున్నాఒకటి

రంగుల లైటు ఉన్న సర్క్యూట్‌పైథాన్ బోర్డుల్లో ఆ లైటు కొంత చెబుతుంది. కోడ్ సవ్యంగా ముగిస్తే ఒకసారి ఆకుపచ్చ, ఎర్రర్‌తో ఆగితే రెండుసార్లు ఎరుపు, సేఫ్ మోడ్ అయితే మూడుసార్లు పసుపు. కానీ మనం ట్రై, ఎక్సెప్ట్‌తో పట్టుకుంటున్నాం కాబట్టి కోడ్ ఆగదు, ఆ లైటు కూడా వెలగదు. పైగా ఏ లైనో చెప్పదు.

నా ఆలోచన ఇది: ఈ పెట్టె ఒక కీబోర్డు కదా! మధ్యలోని రెండు బటన్లు కలిపి పట్టుకుంటే చివరిగా వచ్చిన ఎర్రర్‌ను, లైను నంబరుతో సహా, తెరిచి ఉన్న డాక్యుమెంట్‌లో తానే టైప్ చేయాలి. నోట్‌ప్యాడ్ తెరిచి ఆ రెండు బటన్లు పట్టుకుంటే "లైను 14" అని కనిపిస్తుంది. ఇంకే సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ట్రేస్‌బ్యాక్ మాడ్యూల్‌తో ఎర్రర్ సందేశాన్ని అక్షరాలుగా తీసుకోవచ్చు.

---

మిణుగురు

ఇది నాకు చాలా నచ్చింది. ఆ లైనును కాపీ చేసి మీకు ఎవరికైనా పంపితే మీరు వెంటనే చెప్పగలరు కదా.

---

రాగితీగ

తప్పకుండా పెడతాను. ఇంకో ప్రశ్న. కొందరికి తెలుగులోనే వాక్యం పడాలి. పెట్టె నుంచి నేరుగా తెలుగు పంపొచ్చా?

---

పాతకాపు

నేరుగా కుదరదు. యూఎస్‌బీ కీబోర్డు అక్షరాలను పంపదు, ఏ మీట నొక్కారో దాని నంబరు మాత్రమే పంపుతుంది. ఆ నంబరుకు ఏ అక్షరమో నిర్ణయించేది కంప్యూటర్‌లో పెట్టుకున్న లేఅవుట్. అక్కడ ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్ పెట్టి ఉంటే, ఏ అక్షరానికి ఏ మీటో ఒక పట్టిక రాసి, ఆ మీటల వరస పంపాలి. ఒత్తుకు మధ్యలో పొల్లు మీట కూడా పంపాలని మర్చిపోవద్దు. కంప్యూటర్ ఇంగ్లిష్ లేఅవుట్‌లో ఉంటే మాత్రం పిచ్చి అక్షరాలు పడతాయి. కాబట్టి వాక్యం ముందు లేఅవుట్ మార్చే మీటల కలయిక కూడా పంపే ఏర్పాటు చూడండి.

అన్నిటికన్నా సులువైంది ఇంకోటి: కంప్యూటర్‌లోనే చిన్న సంకేతాన్ని పూర్తి వాక్యంగా మార్చే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వాక్యం పెట్టి, పెట్టె నుంచి దాని సంకేతాన్ని మాత్రమే పంపడం. కానీ అప్పుడు సగం పెట్టెలో, సగం కంప్యూటర్‌లో ఉంటుంది, వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే పనిచేయదు. నేనైతే పట్టికే రాస్తాను.

---

బడిపంతులు

తెలుగు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. వాడేవాళ్ల ఫైలులో వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టొచ్చు. పైథాన్ 3 ఒప్పుకుంటుంది, మైక్రోపైథాన్, సర్క్యూట్‌పైథాన్ కూడా ఒప్పుకుంటాయి. "ఎంతసేపు_ఆగాలి = 400" అని రాస్తే పక్కన వివరణే అక్కర్లేదు. "ఒకటో_నొక్కు", "వాక్యం", ఇలా అన్నీ.

జాగ్రత్త పడాల్సింది కంటికి కనిపించని అక్షరంతో. పొల్లు హల్లు తర్వాత ఇంకో హల్లు ఒత్తుగా మారకుండా ఉండడానికి మధ్యలో ఒక కనపడని అక్షరం వేస్తాం, "బటన్‌కు" అని రాసినప్పుడు పడేదే. కంప్యూటర్‌లో మామూలు పైథాన్ అయితే పేరులో అది కనిపించగానే ఎర్రర్ ఇస్తుంది. మైక్రోపైథాన్ వైపు మాత్రం ఎర్రర్ ఇవ్వకుండా తీసుకుంటుంది, కానీ అది ఉన్న పేరూ లేని పేరూ దానికి రెండు వేర్వేరు పేర్లు. చూడడానికి తేడా దాదాపు తెలియకపోవచ్చు. తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకదు. కాబట్టి అలాంటి చోటు రాని పేర్లే ఎంచుకోండి: "నొక్కు", "ఆలస్యం", "మాట", "గంట". కొటేషన్ల మధ్య ఉన్న వాక్యాల్లో ఆ అక్షరం ఉన్నా ఇబ్బంది లేదు.

అలాగే ఫైలు యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలోనే సేవ్ అవ్వాలి. ఫైలు పేరు కూడా తెలుగులో పెట్టాలని పాతకాపు గారు రాసినట్టు చేస్తే బాగుంటుంది కానీ, నేనైతే ఫైలు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచి, లోపలివి తెలుగులో పెడతాను.

---

పాతకాపు

అవును, ఫైళ్ల పేర్లు ఇక్కడ అర్థం కోసం అలా రాశాను. ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి.

ఇంకోటి చెప్పి ముగిస్తాను. నేను సీ వైపు నుంచి వచ్చాను, ఇప్పటికీ మోటార్లు, ఆడియో, కాయిన్ బ్యాటరీతో ఏళ్లపాటు నడవాల్సిన పరికరాలు సీలోనే రాస్తాను. కానీ మిణుగురు గారు రాసింది చదివాక ఈ పెట్టె విషయంలో నాకు సందేహం లేదు. వేగం వంద రెట్లు ఎక్కువున్నా ఆవిడ సాయంత్రం పూట మార్చుకోలేని పెట్టె ఆ ఇంట్లో పనికిరాదు.

---

రాగితీగ

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ పికో మీద కొత్త కోడ్ మొదలుపెట్టాను. ఇప్పటిదాకా అనుకున్నది ఇది.

సర్క్యూట్‌పైథాన్. నా భాగం ఒక ఫైలు, వాడేవాళ్ల భాగం ఇంకో ఫైలు. వాళ్ల ఫైలులో పైన అంకెలూ వాక్యాలూ, ఎడమ అంచుకు ఆనుకుని, తెలుగు పేర్లతో. చూడడానికి గడియారం గారు అడిగిన సెట్టింగుల ఫైలులాగే ఉంటుంది. కింద ఒక గీత, గీత కింద కావాలనుకునేవాళ్లకు ఫంక్షన్లు. గీత దాటకపోయినా పెట్టె పూర్తిగా పనిచేస్తుంది. అంకె హద్దులు కూడా నా కోడే చూసుకుంటుంది: ఆలస్యం దగ్గర ఎవరైనా పొరపాటున 40000 రాస్తే మూడు సెకన్లకు కుదించి గంట మోగిస్తుంది. ఎందుకంటే 40000 అని రాస్తే ఎర్రర్ రాదు, వాచ్‌డాగ్ కూడా లేవదు, కానీ పెట్టె చచ్చినట్టే ఉంటుంది.

సాయంత్రం ఆలస్యం కోసం మూడో బటన్ నాలుగు సెకన్లు పట్టుకుంటే "పొద్దున", "సాయంత్రం" మధ్య మారుతుంది. మిణుగురు గారూ, నాలుగు సెకన్లు పట్టుకోవడం నాన్నగారికి వీలవుతుందా, లేక అది మీరు చేసే పనా?

---

మిణుగురు

ఆయనకు వీలవదు, చెయ్యి జారుతుంది. నేనే చేస్తాను. కానీ ఆయనంతట ఆయన మార్చుకోగలిగితే ఇంకా బాగుంటుంది, ప్రతిదానికీ నన్ను పిలవడం ఆయనకు ఇష్టముండదు. పట్టుకోవడం బదులు వేరే ఏదైనా ఉందా?

---

బడిపంతులు

పెట్టే కనిపెట్టొచ్చు కదా? ఒకే బటన్ మీద తక్కువ వ్యవధిలో వరుసగా మూడు నాలుగు నొక్కులు పడడం, అదే జరిగాక బ్యాక్‌స్పేస్ నొక్కడం, ఇలా పదే పదే జరిగితే ఆలస్యాన్ని కాస్త పెంచి గంట మోగించాలి. పైథాన్‌లో ఇది పది పన్నెండు లైన్లు. నొక్కు సమయాలను ఒక జాబితాలో పెట్టుకుని తేడాలు చూడడమే. గీత కింద ఉదాహరణగా ఇవ్వండి, ఇష్టమైనవాళ్లు వాడుకుంటారు.

---

పాతకాపు

ఆలోచన మంచిదే, కానీ పరికరం తనంతట తాను మారితే వాడే మనిషికి అయోమయంగా ఉంటుంది. నిన్నటిదాకా ఒకలా ఉన్న బటన్ ఇవాళ ఇంకోలా ఎందుకుందో ఆయనకు తెలియాలి. మార్చేముందు గంట మోగించి, ఏదో ఒక బటన్‌తో "సరే" అంటేనే మార్చాలి. లేకపోతే పాతదే ఉండాలి. ఆయన పెట్టె, ఆయన మాటే చెల్లాలి.

---

రాగితీగ

అలాగే చేస్తాను: పెట్టె అడుగుతుంది, ఆయన ఒప్పుకుంటే మారుతుంది. కేసులో బటన్ల మధ్య ఎడం కూడా పెంచుతున్నాను.

---

సున్నాఒకటి

పంపే ముందు ఒక్క మాట. మీరు వాడే లైబ్రరీలు ఎంపీవై ఫైళ్లయితే (ముందే కంపైల్ చేసిన పైథాన్ ఫైళ్లు) అవి ఫర్మ్‌వేర్ ప్రధాన వెర్షన్‌కు సరిపోవాలి. ఎవరైనా తర్వాత సర్క్యూట్‌పైథాన్‌ను కొత్త ప్రధాన వెర్షన్‌కు మారిస్తే పాత లైబ్రరీలు ఎక్కకపోవచ్చు. మీరు పరీక్షించిన ఫర్మ్‌వేర్ ఫైలునూ, లైబ్రరీలనూ, అసలు కోడ్‌నూ ఒకే ఫోల్డర్‌లో కట్టగట్టి పెట్టెతో పాటే ఇవ్వండి. 2 మెగాబైట్లలో అన్నీ పట్టవు కాబట్టి ఫర్మ్‌వేర్ ఫైలును విడిగా ఇవ్వాలి.

---

మిణుగురు

ఏ బటన్ పట్టుకుని తగిలిస్తే ఏమవుతుందో ఒక కాగితం మీద కూడా రాసివ్వండి, పెట్టె అడుగున అంటించుకుంటాను. మొదటిది పట్టుకుంటే పాత పద్ధతి, నాలుగోది పట్టుకుంటే ఫైలు కనిపిస్తుంది, మధ్యవి రెండూ కలిపి పట్టుకుంటే తప్పు ఎక్కడో టైప్ చేస్తుంది. సరిగ్గానే అర్థం చేసుకున్నానా?

---

రాగితీగ

సరిగ్గా అంతే. ఒకటో బటన్, నాలుగో బటన్ తగిలించేటప్పుడు, మధ్యవి రెండూ ఎప్పుడైనా. కాగితం పెద్ద అక్షరాల్లో ముద్రించి కేసుతో పాటే ఇస్తాను. కోడ్ ఒక కొలిక్కి రాగానే ఇక్కడే పెడతాను, వాడేవాళ్ల ఫైలు మొదట మీరే చదివి ఎక్కడ అర్థం కాలేదో చెప్పండి.